పెత్రమాస నాటి గోకరకాయ

వినోదకు ఫొటో దిగడమంటే మహా సిగ్గు. పెళ్లి ఆల్బంలో కూడా ఏ పేజీ తిప్పినా తల దించుకునే ఉంటుంది. అలాంటి మనిషి ఇప్పుడు కామారెడ్డి బైపాసు మీద ఓ హోటల్ గోడకు, నిలువెత్తుకు మించిన ఫ్లెక్సీలో, గంప నడుముకు ఆనించుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. ఆ దారిన పోయే లారీ డ్రైవర్లు కూడా ఆమె ముఖం గుర్తుపడతారు. ఆ గోడ మీదికి ఆమె ఎలా ఎక్కిందో, ఎందుకు దిగలేకపోతోందో చెప్తాను. చెప్తుంటే మధ్యలో నాకు కోపం వస్తుంది. ఎవరి మీద రావాలో తెలియని కోపం అది, ఓపిక పట్టండి.

వినోద పుట్టిల్లు రామారెడ్డి. అత్తగారిల్లు ఎల్లారెడ్డి దాటాక నిజాంసాగర్ తోవలో, వాగు ఒడ్డునున్న చిన్న ఊరు. వాళ్లకు భూమి రెండు చోట్ల ఉంది. వాగు పక్కన వరి పొలం, ఊరికి ఎగువన గుట్ట వాలులో ఎర్రమట్టి చెల్క. పొలం మగవాళ్ల పెత్తనం, చెల్క ఆడవాళ్ల పెత్తనం. ఆ చెల్కలో ఆమె అత్త పెద్దవ్వ బెండ, బీర, పుంటికూర అనే గోంగూర వేసేది. అన్నిటికంటే ఎక్కువగా గోకరకాయ. గోరుచిక్కుడును అక్కడ అలాగే అంటారు. మార్కెట్లో దొరికే పొడుగు రకం కాదు. పొట్టిగా, పైన నూగుతో, గోటితో గిల్లితే టప్పున విరిగే రకం. పెద్దవ్వ అత్తగారి నాటి నుంచి అదే గింజ, ఏటికేడు కాయ ఎండబెట్టి బూడిదలో కలిపి దాచుకున్నది. పెద్దవ్వ మోకాళ్లు మొరాయించాక చెల్క వినోద చేతికి వచ్చింది. తెల్లవారకముందే కోసి, తడి గోనె కప్పి, మొదటి బస్సుకు ఎల్లారెడ్డి అంగడికి పోయేది. అమ్ముడుపోతే పోయినట్టు, లేకపోతే వాడిపోయినవి తెచ్చి బర్రెకు వేసేది.

ఆమె మొగుడు శైలేందర్ మస్కట్‌లో ఉండేవాడు. ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగమేమీ కాదు, ఎండలో ఇనుప చువ్వలు వంచి కట్టే పని. పోయినేడు ఎండాకాలంలో తండ్రి ఎంకయ్య చనిపోయాడని ఫోన్ పోతే, సెలవు దొరికి ఊరు చేరేసరికి బూడిద కూడా వాగులో కలిసిపోయింది. అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కూతురు సుష్మితకు తండ్రంటే ఫోన్‌లో కనిపించే ముఖమే. ఆ ముఖం కాళ్లూ చేతులతో సహా ఇంటికొచ్చేసరికి తికమకపడింది. వంటింట్లోకి పోయి తల్లి చెవిలో అడిగింది.

"అమ్మా, బాపు ఎన్నొద్దులుంటడే?"

ఆ మాట అరుగు దాకా వినిపించింది. శైలేందర్ తిరిగి వెళ్లే తేదీ వచ్చినా వెళ్లలేదు. కామారెడ్డిలోని ఏజెంటు మాత్రం వదలలేదు. మళ్లీ వీసా ఉందని ఫోన్ల మీద ఫోన్లు చేసేవాడు. ఒకరోజు శైలేందర్ పెళ్లాన్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"ఈడ ఏదన్న ఒక పని నిలబడితే నేను పోను. మనసుల పోవాలని లేదు. వచ్చే ఏడు దసరా దాక చూస్తా. అప్పటికీ నిలబడకపోతే నన్ను ఆపొద్దు, ఏడ్వొద్దు."

ఆపనని వినోద తలూపింది. ఆ రోజు నుంచి ఆమెకు దేవుడన్నా, దయ్యమన్నా దసరాయే.

ఈ ఎండాకాలంలో ఎల్లారెడ్డి అంగట్లో అబ్రాహాము తగిలాడు. కామారెడ్డి బైపాసు మీది ఆ హోటల్లో పెద్ద వంటమాస్టర్. బంధువుల ఇంటికి వచ్చినవాడు ఊరికే అంగడి చూద్దామని తిరుగుతూ వినోద గంప ముందు ఆగాడు. ఒక గోకరకాయ తీసి విరిచి, వాసన చూసి, పచ్చిదే నమిలాడు.

"అక్కా, ఇది ఎప్పుడు కోసినవ్?"

"పొద్దుగాల. బస్సుకు ముందు."

అబ్రాహాము అక్కడే గోనె మీద కూలబడి తన బాధంతా వెళ్లగక్కాడు. "మా హోటల్‌కు కూరగాయలన్ని హైదరాబాద్ మార్కెట్‌కెల్లి వస్తయి. ఆడికి యాడికెల్లి పోతయనుకున్నవ్? ఈడికెల్లే. గాంధారికెల్లి, మీ ఎల్లారెడ్డికెల్లి లారీ ఎక్కి పోతయి. సంచులల్ల మగ్గి మగ్గి, మళ్ల ఇదే రోడ్డు పట్టుకొని నా కాడికి వస్తయి. మీ చేన్ల కాయ నా పొయ్యి మీదికి రావాలంటే పట్నం చూసి రావాల్నా? గసొంటి కాయకు నేనెంత తాలింపు పెట్టినా పానం రాదక్కా."

మాటల మనిషే కాదు, చేతల మనిషి కూడా. హోటల్ యజమాని లక్ష్మీరాజం చెవిలో జోరీగలా తిరిగి తిరిగి ఒప్పించాడు. హోటల్లో ఒక పక్కన 'ఊరి పళ్లెం' అని వేరే భోజనం పెట్టాలి. జొన్నరొట్టె, పప్పు, కూరలు, రోటి తొక్కు, అన్నీ చుట్టుపక్కల ఊళ్ల నుంచే రావాలి. కూరగాయల బాధ్యత వినోదది. ముందు కొద్దికొద్దిగా తెస్తూ చూపించాలి. వానాకాలం పంట అందాక మంచిరోజు చూసి అందరినీ పిలిచి మొదలుపెడదామన్నాడు లక్ష్మీరాజం. ఒకటే షరతు పెట్టాడు.

"వినోదమ్మా, రుచి తర్వాత. చెప్పిన నాడు చెప్పినంత రావాలె. ఒక్కనాడు తప్పినా నాకు హోటల్ నడవది."

ఆమె ఊళ్లో మంగవ్వతో, ఇంకో ఇద్దరు ముగ్గురితో మాట్లాడి వాళ్ల మళ్లలో కూడా బెండ, బీర వేయించింది. శైలేందర్ పాత ట్రాలీ ఆటో ఒకటి సంపాదించి దానికి రంగు వేసుకున్నాడు. హోటల్ తరఫున ఫొటో తీసే అబ్బాయి చెల్కకు వచ్చాడు. గంప పట్టుకుని నిలబడమంటే వినోద బొమ్మలా బిగుసుకుపోయింది. నవ్వమంటే ఏడుపు ముఖం పెట్టింది. అప్పుడు కెమెరా వెనక పక్కగా నిలబడ్డ శైలేందర్, ఖాళీ గంప ఒకటి తీసి టోపీలా నెత్తిన బోర్లించుకుని, గోకరకాయలు రెండు మీసాల్లా పట్టుకున్నాడు. వినోద పగలబడి నవ్వింది. అదే ఫొటో. దాని కింద 'మా వినోదక్క చేను నుంచి మీ పళ్లెంలోకి' అని రాయించారు.

వానలు మొదలయ్యాక వారంలో కొన్నాళ్లు మొగుడూ పెళ్లాం ట్రాలీలో కామారెడ్డి పోయి వచ్చేవారు. వస్తూ వస్తూ సుష్మితకు ఏదో ఒకటి తెచ్చేవారు. తండ్రి ఎన్నాళ్లుంటాడని ఆ పిల్ల అడగడం మానేసింది. ఆ రెండు నెలలే వినోద బతుకులో మంచి రోజులని నేను ఒట్టేసి చెప్పగలను.

వినాయక చవితి నాడు వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. తెల్లారేసరికి వాగు ఊరి మీదికొచ్చింది. వరి పొలాల మీద ఇసుక మేటలు వేసింది. మంగవ్వ కూరగాయల మడి ఎక్కడుండేదో మంగవ్వే చూపించలేకపోయింది. ఊరికి వచ్చే కూరగాయల బండి ఆగిపోయింది, బండివాడికి అమ్మే రైతులే మునిగిపోయారు. వాగు దాటబోయి ఆకాశ్ అనే కుర్రాడు మోటర్‌సైకిల్‌తో సహా కొట్టుకుపోయాడు. వాడి పెళ్లాం రమ కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. ఊరంతటిలో పచ్చగా మిగిలింది గుట్ట వాలులోని వినోద చెల్క ఒక్కటే. పూత రాలింది కానీ చెట్టు బతికింది. కాస్త ఎండ పొడవగానే గోకర మళ్లీ కాయ పట్టింది.

కొన్నాళ్లకు అబ్రాహాము ఫోన్ చేశాడు.

"అక్కా, వచ్చే ఐతారం మొదలు పెడ్తున్నం. సేటు అందర్ని పిలిచిండు. మంగవ్వోళ్లయి పోయినా నీయి ఉన్నయి గదా. మొత్తం పట్టుకరా. నా ఇజ్జత్ నీ చేతిల ఉంది."

వినోద గోడకున్న క్యాలెండర్ చూసింది. ఆ ఆదివారం పెత్రమాస. చచ్చిపోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య. ఆ రోజు పొద్దున్నే ప్రతి ఇంటివాళ్లూ చాటలో బియ్యం, పప్పు, చింతపండు, రకరకాల కూరగాయలు పెట్టి, పోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి ఇస్తారు. ఇంట్లో ఆ కూరలే వండుకుని తింటారు. చాటలో కూరగాయలు లేకపోతే పెద్దలు ఆకలితో వెనక్కి పోతారని నమ్మకం. ఆ రోజు ఎవరైనా చచ్చిపోయినవాళ్ల పేరు చెప్పి కాయ అడిగితే లేదనకూడదు, వాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు.

"పెత్రమాస నాడు హోటల్ల ఎవడు తింటడు?" అంది వినోద మొగుడితో. "ఎవరింట్ల వాళ్లు తింటరు గని. సగం తీస్కపోయినా మిగులుతది."

"ఎవడన్న తినని, తినకపోని. సేటుకు చెప్పిన మాట చెప్పినట్టే ఉండాలె," అన్నాడు శైలేందర్.

అదీ నిజమే అనుకుని ఆమె చెల్కంతా ఊడ్చినట్టు కోసింది. అయినా ఆ మాట మనసులో ఎక్కడో ఉండిపోయింది. పెత్రమాస నాడు ఎల్లారెడ్డిలో మిర్చీ బండి కూడా ఖాళీగా ఉండడం ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. లోకమంతా అలాగే ఉంటుందనుకుంది. ఆమె చేసిన తప్పు అంతా ఇందులోనే ఉంది.

ఆదివారం పొద్దున ట్రాలీలో డబ్బాలు సర్ది, పైన తడి గోనెలు కప్పారు. శైలేందర్ డీజిల్ కోసం పక్కింటివాళ్ల బండి మీద ఎల్లారెడ్డి పోయాడు. అప్పుడు వచ్చింది భూదవ్వ, పెద్దవ్వకు వరసకు చెల్లెలు. చేతిలో చాట, చాటలో బియ్యం, ఒక చింతపండు ముద్ద. అంతే.

"అక్కా, ఊరంత తిరిగిన. ఆకు లేదు, అలం లేదు. మా ఇంటాయన పేరు మీద జర నాలుగు గోకరకాయలు పెట్టుండ్రి."

పెద్దవ్వ గడపలో కూర్చుని ఉంది. ఎంకయ్యకు ఏడాది నిండాక వచ్చిన మొదటి పెత్రమాస అది. కోడలి వైపు చూసింది.  వినోద గోనె ఎత్తి ఒక దోసెడు తీసి చాటలో పోసింది. నాలుగు కాయలకు ఏం కొంప మునుగుతుంది అనుకుంది.

భూదవ్వ పోయిన కాసేపటికి మరో ఇద్దరు వచ్చారు. వాళ్లకు పిడికెడు పిడికెడు ఇచ్చింది. తర్వాత మంగవ్వ వచ్చి దూరంగా నిలబడింది. మొన్నటి దాకా తన మడిలోంచి డబ్బాలకు డబ్బాలు నింపిన మనిషి, ఇప్పుడు అడగడానికి నోరు రాక కొంగు మడతలు పెడుతోంది. ఆమెకు అడగకుండానే బీరకాయలు, బెండకాయలు పెట్టింది. ఇంక చాలు, ఇంక ఎవరొచ్చినా లేదంటానని గోనెలు గట్టిగా కప్పి పైన తాడు కూడా కట్టింది.

అప్పుడు రమ వచ్చింది. ఏడాది నిండనిదే పెట్టకూడదని అయ్యగారు చెప్పినా వినలేదట. చాట కూడా లేదు. స్టీలు పళ్లెంలో గుప్పెడు బియ్యం తెచ్చింది. కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"అక్కా, ఆయనకు గోకరకాయ అంటే పానం. మీ చెల్కదే తెమ్మంటుండె. నీళ్లల్ల పోయిండు, ఏం తిన్నడో ఏం లేదో. ఒక్కసారి పెడ్త."

వినోద కట్టిన తాడు విప్పింది. పిడికెడు కాదు, రెండు చేతులతో తీసి, పళ్లెం నిండి కింద పడేదాకా పోసింది. రమ పళ్లెం పట్టుకుని వాకిట్లోనే కూర్చుండిపోయింది. వినోద కూడా ఆమె పక్కన కూర్చుని ఏడ్చింది. లేచేసరికి వాకిలి నిండా ఆడవాళ్లు ఉన్నారు. అందరి చేతుల్లో చాటలు. ఆ వరద తర్వాత ప్రతి ఇంట్లోనూ ఆకలిగా ఉన్న పెద్దలే. రమకు అంత పోసిన చేతితో పక్కనున్న ముసలమ్మకు లేదని ఎలా చెప్తుంది? మీరైతే చెప్తారా? ఎంకయ్య పేరు మీద, ఎంకయ్య పేరు మీద అంటూ పంచుతూ పోయింది. 'పెత్రమాస నాడు హోటల్ల ఎవడు తింటడు' అని తనకు తానే చెప్పుకుంటూ పంచింది. పెద్దవ్వ గడపలోంచి చేతులెత్తి పైకి మొక్కుతోంది.

శైలేందర్ డీజిల్ డబ్బాతో వచ్చాడు. ట్రాలీ చూశాడు. గోనె ఎత్తి, మళ్లీ కప్పాడు.

"ఎవరు పంచిండ్రు?"

"నేనే."

 ఒక డబ్బా గోకర, అడుగున కాస్త బెండ, పుంటికూర కట్టలు మిగిలాయి. వాటితోనే బయలుదేరారు.  సగం దారి దాటాక అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"బాపు పేరు మీద అందరికి పంచినవ్. మంచిదే. నా పేరు మీద ఏమన్న ఉంచినవా?"

వినోద వెనక్కి తిరిగి గోనెల వైపు చూసింది.

హోటల్ ముందు బండి ఆపడానికి చోటు లేదు. అన్నీ హైదరాబాద్ కార్లు. ఆదివారం, పైగా బడులకు దసరా సెలవులు మొదలయ్యాయి. ఎటు చూసినా పిల్లలు, సంచులు, సెల్ఫీలు. లోపల బల్ల ఖాళీ లేక జనం నిలబడి ఉన్నారు. గోడ మీద కొత్తగా కట్టిన ఫ్లెక్సీకి పూలదండ వేశారు. వినోద ట్రాలీ దిగి ఆ జనాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయింది. పెత్రమాస నాడు ఇంత మంది ఇల్లు విడిచి అన్నం తింటారని ఆమెకు నిజంగా తెలియదు. ఇక్కడే నాకు కోపం వస్తుంది. ఎవరి మీద కోప్పడను? ఆకలేసి ఆగినవాళ్ల మీదా? చచ్చిపోయిన మొగుడికి కూర అడిగిన రమ మీదా?

అబ్రాహాము పరుగున వచ్చి గోనె ఎత్తాడు. డబ్బాలు ఒక్కొక్కటే వంచి చూశాడు. వెనకే లక్ష్మీరాజం వచ్చాడు. వినోద జరిగింది జరిగినట్టు చెప్పింది. రాత్రి అడవిపందులు పడి చేను పాడుచేశాయని అబద్ధమాడినా నమ్మేవాడే. ఆ తెలివి ఆమెకు తోచలేదు.

"మీ ఇంట్ల పెద్దలకు పెట్టుకోలేదా సేటూ?" అని అడిగింది చివరికి.

"పెట్టినం. పొద్దుగాలనే పెట్టి, ఈడికొచ్చి గల్లా కాడ కూసున్న," అన్నాడాయన. గొంతు పెంచలేదు. "నిన్ను తప్పు పడ్త లేనమ్మా. నువ్వు చేసింది పుణ్యమే. కని ఇది రోడ్డు. రోడ్డుకు పెత్రమాస ఉండది. లోపల ఇంత మంది కూసున్నరు, నేనేం పెట్టాలె? పట్నం బండికి ఫోన్ చేసిన, వస్తున్నది."

"ఒక్కసారి, సేటూ. గీ ఒక్కసారి. వారం తిరిగేవరకు మళ్ల కాయ వస్తది. నేను కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగింది. లక్ష్మీరాజం వెనక్కి జరిగి ఆమె చేతులు పట్టుకున్నాడు.

"వారం అయితే సద్దుల బతుకమ్మ, ఆ తర్వాత దసరా. ఎప్పుడూ ఎవరో ఒకరి పేరు మీద ఎవరో ఒకరు అడుగుతరు. నువ్వు లేదని చెప్పలేవు. అది నాకు తెలిసిపోయింది."

వినోద చేతులు విడిపించుకుంది. తనకూ తెలిసిపోయింది.

ఇంటికొచ్చేసరికి పెద్దవ్వ ఎదురు చూస్తోంది. "పెద్దలు సల్లగ చూస్తరు బిడ్డా" అంది. వినోద ఆ ఇంటికొచ్చిన ఇన్నేళ్లలో అత్తకు ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పింది.

"సచ్చినోళ్ల కడుపు నింపినమత్తమ్మా. బతికున్నోన్ని ఎల్లగొట్టుకున్నం."

పెద్దవ్వ గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. పొద్దు గూకుతుంటే ఆడపిల్లలు మొదటినాటి బతుకమ్మలు ఎత్తుకుని పోతున్నారు. వినోద వాకిట్లోకి కూడా రాలేదు. రమ మాత్రం వెనక తలుపు నుంచి వచ్చి మూత పెట్టిన చిన్న గిన్నె ఇచ్చింది. "ఆయనకు పెట్టంగ మిగిలింది అక్కా" అని వెళ్లిపోయింది. గోకరకాయ కూర, నువ్వులపొడి వేసి చేసింది. వినోద పొయ్యి ముందు కూర్చుని అది తింది. రమకు ఇవ్వకుండా ఉండాల్సింది అనుకోవాలని చూసింది. ఎంత చూసినా అనుకోలేకపోయింది. ఆమె నరకమంతా అదే. తప్పు చేశానని ఏడుద్దామంటే తప్పు ఎక్కడుందో దొరకదు.

ఆ తర్వాత ఆమె తిరగని చోటు లేదు. కామారెడ్డిలో ఫంక్షన్ హాళ్లకు పోయింది, హాస్టళ్లకు పోయింది, బస్టాండు పక్క మెస్సులకు పోయింది. గంపలో కాయ చూపించింది. చూసి బాగుందన్నారు. రోజూ బండి ముంగిటికే వస్తుంటే నీ కోసం ఎవరు ఎదురు చూస్తారన్నారు. ఎల్లారెడ్డి తోవలో కొత్తగా పెట్టిన ధాబావాడు ఫ్లెక్సీలో ముఖం గుర్తుపట్టి, "నువ్వు ఆ హోటల్‌కే ఇస్తవు గద, మాకెందుకు" అన్నాడు. ఇప్పుడు ఇవ్వడం లేదంటే నమ్మలేదు. గోడ మీద నవ్వుతున్నావు కదా అన్నాడు.

దసరా వచ్చింది. జమ్మి ఆకు పెట్టి అందరూ అందరికీ మొక్కుకున్నారు.  ఒకనాడు శైలేందర్ పెట్టె దించి దుమ్ము దులిపాడు. ఆపనని మాటిచ్చింది గనుక వినోద ఆపలేదు. ఏడవనని మాటివ్వలేదు, అయినా ఏడవలేదు. అతని చొక్కాలు మడత పెడుతుంటే ఒక్కో చొక్కా మీదా చెయ్యి ఆగిపోయేది.

ఏజెంటు ఫోన్ చేసి ఎయిర్‌పోర్టుకు పోయే కారు ఎక్కడికొస్తుందో చెప్పాడు. స్పీకర్‌లో వినోదకు కూడా వినిపించింది.

"బైపాసు మీద హోటల్ ఉంది గదనే. నవ్వే అక్క ఫ్లెక్సీ ఉంటది చూడు, దాని కింద నిలబడుండ్రి."

"ఎరుకే," అన్నాడు శైలేందర్.

ఆ రోజు సుష్మిత బడికి పోయింది. పొద్దున తండ్రి చేయి పట్టుకుని బడి గేటు దాకా నడిచింది. మొగుడూ పెళ్లాం బస్సు దిగి, పెట్టె కింద పెట్టి, ఆ ఫ్లెక్సీ కింద నిలబడ్డారు. దండ ఎండిపోయి ఉంది. అబ్రాహాము లోపలి నుంచి చూసి వచ్చాడు. పెట్టె చూసి సంగతి గ్రహించాడు. అన్నం తినకుండా పోతే తన మీద ఒట్టే అని బలవంతంగా లోపలికి తీసుకెళ్లి బల్ల ముందు కూర్చోబెట్టాడు. ఊరి పళ్లెమే తెప్పించాడు. రొట్టె, పప్పు, తొక్కు, గోకరకాయ కూర. వినోద ఆ కూర చూసింది. పొడుగు కాయ, పీచు తేలింది. ఆమె మెతుకు ముట్టలేదు. శైలేందర్ తల వంచుకుని తిన్నాడు.

పక్క బల్ల దగ్గర ఒక పట్నం ఆవిడ పిల్లలతో కూర్చుని ఉంది. వినోదను చూసింది, కిటికీలోంచి ఫ్లెక్సీ చూసింది, మళ్లీ వినోదను చూసింది.

"అయ్యో, మీరేనా అండీ? మేం హైదరాబాద్ నుంచి వస్తున్నాం. ఈ రుచి అక్కడ దొరకదండీ. నేరుగా మీ చేనులోంచే కదా? ఒక్క ఫొటో దిగుదాం, ప్లీజ్."

"అవి నా కాయలు కావమ్మా," అంది వినోద. "అవి కూడ మీ లెక్కనే, పొద్దుగాల పట్నంకెల్లి వచ్చినయి."

ఆవిడ జోకనుకుని గట్టిగా నవ్వింది. వినోద మొగుడి వైపు చూసింది.

"దిగు," అన్నాడు శైలేందర్ మెల్లగా. తర్వాత తన ఫోన్ తీసి ఆవిడకు ఇచ్చాడు. "మేడం, దీంట్ల కూడ ఒకటి తియ్యుండ్రి."

నవ్వండి, నవ్వండి అంది ఆవిడ. వినోదకు నవ్వు రాలేదు. ఫొటో మాత్రం వచ్చింది.

బయట కారు హారన్ మోగింది. అప్పటికే ముగ్గురు లోపల ఇరుక్కుని కూర్చున్నారు. శైలేందర్ చెయ్యి కడుక్కుని, "కూర మంచిగుంది మాస్టర్" అని అబ్రాహాముకు చెప్పి, పెట్టె డిక్కీలో వేశాడు. ఎక్కబోతూ ఆగాడు.

"సుష్మిత అడుగుతది, బాపు ఎన్నొద్దులకు వస్తడని."

"ఏం చెప్పాలె?"

"నువ్వే ఏదన్న ఒకటి చెప్పు."

తలుపు పడింది. కారు పోయింది. అతని నీళ్ల సీసా బల్ల మీదే మరిచిపోయాడని వినోదకు అప్పుడు గుర్తొచ్చింది. పోయిన కారుకు సీసా ఎందుకు, అయినా లోపలికి పరుగెత్తింది. బల్ల ఇంకా తుడవలేదు. సీసా పక్కనే అతని పళ్లెం ఉంది. రొట్టె తిన్నాడు. పప్పు నాకినట్టు ఊడ్చాడు. తొక్కు కూడా లేదు. గోకరకాయ కూర మాత్రం వడ్డించింది వడ్డించినట్టే ఓ అంచుకు నెట్టి ఉంది. ఒక్క ముక్క ముట్టలేదు.

వినోద కుర్చీలో కూలబడి, ఆ పళ్లెం రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా అప్పుడు ఏడ్చింది. అబ్రాహాము పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఆ ఫ్లెక్సీ తీసేయమని సేటుకు చెప్త అక్కా."

"ఏమని చెప్తవ్? అందరికి ఆ బొమ్మనే గుర్తు."

ముఖం తుడుచుకుని, సీసా కొంగులో చుట్టుకుని బయటికొచ్చింది. ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడి ఒక్కసారి తలెత్తి చూసింది. బొమ్మలో ఆమె చూపు ఎదురుగా లేదు, కాస్త పక్కకు ఉంది. తింటున్న వాళ్లను చూసి నవ్వుతోందని అందరూ అనుకుంటారు. కెమెరా పక్కన గంప నెత్తిన బోర్లించుకుని, రెండు గోకరకాయలు మీసాలుగా పెట్టుకున్న మనిషిని చూసి నవ్విన నవ్వు అది. ఆమె ఆ పక్కకు చూసింది. అక్కడ ఎవరూ లేరు.